ఆగమని చెప్పే చట్టం

ఫ్రాన్సులో పనిబల్ల ముందే కూర్చుని మధ్యాహ్న భోజనం కానిచ్చేయడానికి చట్టం ఒప్పుకోదు. పనిచేసే చోట సిబ్బందిని భోంచేయనివ్వకూడదని వాళ్ల కార్మిక చట్టంలో రాసి ఉంది. కొవిడ్ కాలంలో, 2021 ఫిబ్రవరిలో, క్యాంటీన్లలో జనం గుమిగూడకుండా ఆ నియమాన్ని కొన్నాళ్లు సడలిస్తే అది దేశాలు దాటిన వార్త అయింది. ఇప్పుడు దాన్ని అందరూ పాటిస్తున్నారని కాదు. కంప్యూటర్ ముందే శాండ్‌విచ్ ముగించేవాళ్లు పారిస్‌లోనూ ఉన్నారు. అయినా ఫ్రెంచి తిండి గురించి నేర్చుకోవడానికి వెళ్లిన మా ఫుడ్ టెక్నాలజీ విద్యార్థుల బృందానికి మా మేడమ్ చెప్పిన మొదటి పాఠం ఇదే. సాస్‌ల సంగతి, మిషెలిన్ చుక్కల సంగతి ఆ తర్వాతే వచ్చాయి.

మాలో చాలామందికి ఫ్రెంచి షెఫ్ ఎస్కోఫియే పేరు తెలుసు. 1903లో ఆయన వెలువరించిన వంటల గ్రంథం, హోటల్ వంటింట్లో ఒక్కొక్కరికి ఒక్కో పని పంచి ఇచ్చిన పద్ధతి మా సిలబస్‌లోనివే. అదంతా గొప్పదే, కాదనను. కానీ ఆ దేశపు రుచికి పునాది హోటల్ వంటింట్లో లేదని నాకనిపించింది. పిండి ఎంతసేపు నానాలి, చీజ్ ఎన్నాళ్లు మాగాలి, మనిషి ఎంతసేపు కూర్చుని తినాలి? వీటన్నిటికీ ఒక వ్యవధి పెట్టి, లాభం కోసం దాన్ని ఎవరూ కుదించకుండా కాగితం మీద రాసుకుని కాపలా కాస్తున్నారు. నేను చూసిన ఫ్రెంచి విద్య అదీ.

రొట్టెతో మొదలుపెడతాను. అక్కడి బేకరీలో బాగెట్లు, అంటే పొడవాటి కర్రలాంటి రొట్టెలు, రెండు రకాలు. ఒకటి మామూలుది, రెండోది 'ట్రడిసియోన్' అని అడిగి తీసుకోవాల్సింది. 1993 సెప్టెంబరు నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఈ రెండోదాంట్లో గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు లేదా పులిపిండి మాత్రమే ఉండాలి. కొద్దిపాటి బాకలా చిక్కుడు గింజల పిండి, సోయా, మాల్టు ఒప్పుకుంటారు. ఇతర రసాయనాలేవీ పడకూడదు. ఏ దశలోనూ గడ్డకట్టించి నిలవ చేయకూడదు. 1998లో ఇంకో చట్టం వచ్చింది. పిండి కలపడం నుంచి కాల్చడం దాకా తానే చేసుకోనివాడు కొట్టు మీద 'బులాంజ్రీ', అంటే బేకరీ, అని బోర్డు పెట్టుకోకూడదు.

ఇంత కట్టడి ఎందుకంటే, దానికో చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ముతక నల్లరొట్టె తిని విసిగిపోయిన జనం తర్వాత తెల్లరొట్టె కోరుకున్నారు. పిండిని మరల్లో జోరుగా, ఎక్కువసేపు పిసికితే గాలిలోని ఆక్సిజన్ తగిలి దానికి సహజంగా ఉండే లేత పసుపు పోతుంది. రొట్టె తెల్లగా, ఉబ్బుగా వస్తుంది. రంగుతోపాటు రుచీ పోతుంది. రేమోన్ కల్వెల్ అనే బేకింగ్ ఆచార్యుడు దీని మీద ఏళ్ల తరబడి పోరాడాడు. ఆయన చెప్పిన ఉపాయం ఇంతే: పిండిలో నీళ్లు మాత్రం కలిపి ఓ అరగంట వదిలేయండి, ఈస్టూ ఉప్పూ తర్వాత వేయండి. చపాతీ పిండి తడిపి మూతపెట్టి పక్కన ఉంచే ఇళ్లలో పుట్టినవాళ్లం, మాకిది కొత్తగా తోచలేదు. నానుతున్నంతసేపూ గ్లూటెన్ తనంతట తానే అల్లుకుంటుంది కాబట్టి మర మీద పని తగ్గుతుంది, పసుపు రంగు నిలుస్తుంది. ఆ తర్వాత పులియడమూ నిదానమే. ఈస్టు తక్కువ వేసి చల్లటి అరలో రాత్రంతా ఉంచుతారు. వాసనలూ పులుపులూ పుట్టేది ఆ చలిలోనే.

తెల్లవారకముందు మాకు చూపించిన ఒక చిన్న బేకరీలో నా కళ్లు గాటు పెట్టే చేతిమీదే నిలిచిపోయాయి. సన్నటి పుల్లకు గుచ్చిన బ్లేడు. దాన్ని నిలువుగా దించడు. పిండి పైచర్మాన్ని లేపుతున్నట్టు ఏటవాలుగా, దాదాపు పడుకోబెట్టి లాగుతాడు. ఒక గాటు పూర్తవకముందే పక్కన రెండోది మొదలవుతుంది, మూడోవంతు దూరం రెండూ జంటగా సాగుతాయి. పొయ్యిలోకి తోసిన వెంటనే ఆవిరి వదులుతారు. ఆవిరి తగిలినంతసేపూ పైపొర మెత్తగానే ఉంటుంది కాబట్టి రొట్టె లోపలినుంచి పొంగి గాట్ల దగ్గర విచ్చుకుంటుంది, అంచు చిన్న చెవిలా పైకి లేస్తుంది. గాటు లోతైతే ఆ చెవి రాదు. బయటికి తీసిన రొట్టెలు చల్లారుతూ చిటపటమంటాయి. ముక్క విరిచి చూస్తే లోపల మీగడ రంగు, ఒక్కటీ ఇంకోదాని కొలతలో లేని కన్నాలు. కన్నాలన్నీ ఒకే సైజులో ఉంటే అది తొందర రొట్టె అని మాకు చెప్పారు.

పారిస్ నగరం 1994 నుంచి ఏటా ఉత్తమ బాగెట్ పోటీ పెడుతోంది. గెలిచినవాళ్లు ఏడాదిపాటు అధ్యక్ష భవనానికి రొట్టె పంపుతారు. 2023లో గెలిచింది శ్రీలంకలో పుట్టిన థర్షన్ సెల్వరాజా. ఉత్తర్వు అడిగేది పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు. ఊరూ పేరూ అడగదు. బాగెట్ తయారీ విద్యను 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కాపాడాలనుకున్నదీ ఈ చేతిపనినే.

ఇక చీజ్. స్విట్జర్లాండ్ సరిహద్దున ఉన్న జ్యురా కొండల్లో కోంతే అనే చీజ్‌ను పెద్ద చక్రాలుగా చేస్తారు. దీనికి 1958లోనే ప్రాంతపు పేరుకు రక్షణ దొరికింది. నిబంధనల పుస్తకం ఆవు దగ్గర్నుంచి మొదలవుతుంది. మోంబెలియార్డ్ లేదా ఫ్రెంచి సిమెంటాల్ జాతి ఆవులే ఉండాలి. మేత గడ్డి, ఎండుగడ్డి. పాతర గడ్డి, అంటే సైలేజి, పెట్టనే కూడదు. ఇది ఛాదస్తం కాదు. పులిసిన మేతలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు పాలలోకి చేరితే, నెలల తర్వాత చీజ్ లోపల గ్యాసు పుట్టి చక్రం పగిలిపోతుంది. పాలు పితకడానికి రోబోలు పనికిరావు. పాలను కాచి సూక్ష్మజీవుల్ని చంపరు, పచ్చిపాలే కావాలి కాబట్టి దూరం నుంచి తేవడమూ కుదరదు. ఒక్కో తయారీ కేంద్రానికి పాలు 25 కిలోమీటర్ల వ్యాసం దాటని వలయంలోనుంచే రావాలి. పితికిన 24 గంటల్లోపు పని మొదలవ్వాలి.

ఆ కేంద్రాల్ని 'ఫ్రుయిటియేర్' అంటారు. పాడి రైతుల సహకార సంఘాలవి. వాటి ఆనవాళ్లు 13వ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. కారణం లెక్కల్లో ఉంది. నలభై కిలోల చక్రం ఒకటి చేయాలంటే సుమారు 400 లీటర్ల పాలు కావాలి. నాలుగైదు ఆవులున్న కొండ రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చలికాలం గడవాలంటే పాలు దాచుకోవాలి, దాచాలంటే పెద్ద చక్రం చేయాలి, చేయాలంటే పొరుగువాడితో కలవాలి. సహకారం గురించి ఉపన్యాసాలు ఎన్నో విన్నాను గానీ, అవసరం మనుషుల్ని ఇంత సూటిగా కలిపిన ఉదాహరణ ఇంకోటి చూడలేదు.

రాగి గంగాళంలో గోరువెచ్చటి పాలకు రెన్నెట్ కలిపి తోడుకోనిస్తారు. గడ్డను తీగలతో గోధుమగింజంత ముక్కలుగా కోసి, 53 డిగ్రీలు దాటేదాకా వేడి పెంచుతూ కలుపుతారు. తయారీదారు మధ్యమధ్య గుప్పెడు తీసి అరచేతిలో నొక్కి చూస్తాడు, ముద్దకడుతోందా, వేలితో రాస్తే మళ్లీ గింజలుగా విడిపోతోందా అని. థర్మామీటరు పక్కనే ఉంది, ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు, అయినా మాట చేతిదే. తర్వాత అచ్చుల్లో నొక్కుతారు. ఆకుపచ్చటి గుర్తింపు బిళ్ల అంటిస్తారు. స్ప్రూస్ చెక్క బల్లల మీద పేర్చి, ఉప్పునీళ్లతో రుద్దుతూ, తిప్పుతూ మాగబెడతారు. కనీసం 120 రోజులు. ఏడాది, ఏడాదిన్నర మాగినవి మామూలే.

సముద్రమట్టానికి 1,100 మీటర్ల ఎత్తున సెయింట్ ఆంత్వాన్ అనే పాత కోట ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో సైన్యం కోసం కట్టిన ఆ రాతి గదుల్ని 1966లో మార్సెల్ పెతీత్ అనే వ్యాపారి చీజ్ మాగబెట్టడానికి తీసుకున్నాడు. ఇప్పుడక్కడ సుమారు లక్ష చక్రాలున్నాయి. లోపల అమ్మోనియా ఘాటు కళ్లకు తగులుతుంది. చక్రాల్ని తిప్పి రుద్దే పని రోబోలదే. పాలు పితికే చోట వద్దన్న రోబోకు ఇక్కడ అభ్యంతరం లేదు. ఎక్కడ చేయి తప్పనిసరో, ఎక్కడ యంత్రం చాలో వాళ్లు కూర్చుని తేల్చుకున్నారు. తీర్పు చెప్పడం మాత్రం మనిషి పనే. నేలమాళిగ పెద్ద చేతిలో చిన్న ఇనుప పనిముట్టు ఉంటుంది. దాని వెనకభాగంతో చక్రం మీద కొడుతూ చెవి పెట్టి వింటాడు. లోపల చీలిక ఉంటే చప్పుడు మారుతుంది. అనుమానమొస్తే పనిముట్టు గుచ్చి సన్నటి కడ్డీలా చీజ్ బయటికి లాగి, వాసన చూసి, వేళ్లతో నలిపి, మిగతాది మళ్లీ అదే కన్నంలో పెట్టి పూడ్చేస్తాడు. పూడ్చినచోటు మేం వెతికితే కనిపించలేదు.

చివరికి 20 మార్కులకు పరీక్ష. 14 దాటితే ఆకుపచ్చ పట్టీ, 12 నుంచి 14 దాకా గోధుమరంగు పట్టీ. 12కి తక్కువైతే ఆ చక్రానికి కోంతే పేరే ఉండదు, ఇంకేదో చీజ్‌గా పోవాల్సిందే. వాసనలకు ఓ పట్టిక కూడా ఉంది, ఆరు కుటుంబాల్లో 83 పేర్లు. వేసవి పాల చీజ్ పసుపుగా, చలికాలం ఎండుగడ్డి తిన్న ఆవు పాలది పాలిపోయి ఉంటుంది. ఈ తేడాను వాళ్లు లోపంగా చూడరు. మా పరిశ్రమ పాఠాల్లో మాత్రం ప్రతి బ్యాచూ ఒకేలా రావడమే నాణ్యత.

రుచి చూసే ముందు మాలో శాకాహారులు ఇద్దరు రెన్నెట్ దేంతో చేస్తారని అడిగారు. "దూడ పొట్ట నుంచి," అని గైడు సూటిగా చెప్పింది. ముక్కలు పళ్లెంలోనే ఉండిపోయాయి. మేడమ్ వాళ్లను "తినండమ్మా, ఫరవాలేదు" అని బతిమాలకపోవడం నాకు నచ్చింది. ఫ్రాన్సు శాకాహారికి తేలికైన దేశం కాదు. బడి క్యాంటీన్లలో వారానికి కనీసం ఒక పూట మాంసం, చేప లేని భోజనం పెట్టాలన్న నియమం 2019 చివర్లో గానీ రాలేదు. దాని మీద కూడా రాజకీయ నాయకులు కొట్టుకున్నారు.

లియోన్ నగరం గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, పర్యాటకుల పుస్తకాలన్నిటా ఉన్నదే. ఇళ్లలో వంటమనుషులుగా పనిచేసిన ఆడవాళ్లు సొంతంగా భోజనశాలలు తెరిచి ఆ ఊరికి పేరు తెచ్చారు. వాళ్లలో యూజెనీ బ్రజియే 1933లో రెండు రెస్టారెంట్లకు మూడేసి మిషెలిన్ చుక్కలు సంపాదించింది. పేరున్న షెఫ్ పాల్ బొక్యూజ్ ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. గోడల మీద బొమ్మలు ఎక్కువగా ఆయనవే.

భోజనం బల్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ. 2010లో యునెస్కో గుర్తించింది ఏ ఒక్క వంటకాన్నీ కాదు, వేడుకల్లో ఫ్రెంచివాళ్లు కలిసి కూర్చునే తీరును: ముందు ఓ పానీయం, తర్వాత తొలి వడ్డన, ప్రధాన వంటకం, చీజ్, చివర్న తీపి. అన్నీ ఒకేసారి పళ్లెంలో పెట్టుకునే మాకు ఈ వరస మొదట విసుగనిపించింది. కానీ పళ్లేలు మారే ఆ ఖాళీల్లోనే మాటలు సాగుతాయి. రొట్టెకు విడిగా పళ్లెం ఉండదు, మామూలు ఇళ్లలో బల్లగుడ్డ మీదే పెడతారు. చీజ్ కోయడానికీ మర్యాద ఉంది. బ్రీ లాంటి గుండ్రటి చీజ్ నుంచి తీసిన ముక్కకు కొనదేలిన భాగాన్ని ఎవరూ అడ్డంగా కోసి తీసేసుకోకూడదు. చీజ్ మధ్యభాగం అదే. పక్కనుంచి పొడవుగా కోసుకుంటే మధ్యభాగం, అంచు అందరికీ సమంగా వస్తాయి. మాలో ఒకడు ఆ కొన కోయబోతే పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వుతూనే కత్తి పక్కకు జరిపింది.

దీన్నంతా చూసి ఫ్రాన్సు మొత్తం ఇలాగే ఉంటుందనుకోకూడదు. సూపర్‌మార్కెట్ పొయ్యిలో వేడిచేసిన గడ్డకట్టిన రొట్టెలూ, బర్గర్ కొట్ల ముందు క్యూలూ మేం చూశాం. కోంతే గిరాకీ పెరిగేకొద్దీ పొలాల నుంచి ఎరువు కొట్టుకుపోయి ఆ ప్రాంతపు లూ నది చెడిపోతోందని పర్యావరణవేత్తలు గట్టిగా నిలదీస్తున్నారు, కారణాల వాటాల మీద వాదన నడుస్తోంది. అయితే అక్కడ రైతుకు పాలకు దొరికే ధర మామూలు పాల ధర కంటే ఎక్కువ. ఆ ధర కోసమే వాళ్లు కష్టమైన నిబంధనల్ని భరిస్తున్నారు, అవసరమైతే బిగించుకుంటున్నారు.

రైల్లో తిరిగొస్తూ మేం వాదులాడుకున్నది ఇది. మనకూ భౌగోళిక గుర్తింపులున్నాయి. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చాయి. గుర్తింపు సరే, తర్వాతేంటి? పూతరేకుకు ఏ బియ్యం, ఎంతసేపు నానాలి, కుండ ఎంత వేడి, రేకు ఎంత పలచన? ఆ రేకు తీసే ఆడవాళ్లకు రోజుకు ఎంత గిట్టాలి? "అవి రాస్తే చేసేవాళ్లు పారిపోతార్రా," అన్నాడొకడు. "రాయకపోతే ప్యాకెట్లవాడు మిగులుతాడు," అని ఇంకొకమ్మాయి. 12 మార్కులు రాని పెట్టెను 'ఇది ఆత్రేయపురానిది కాదు' అని పక్కన పెట్టే అధికారం ఎవరికివ్వాలి, వ్యాపారికా, అధికారికా, రేకు తీసే మనిషికా అన్న దగ్గర గొంతులు లేచాయి. నేను రేకు తీసే మనిషి వైపే మాట్లాడాను. బృందంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు.