పళ్లెం పుట్టుపూర్వోత్తరాలు

పాత ఫ్రెంచి పింగాణీ పళ్లెం చేతికి రాగానే బోర్లించి చూస్తారు ఎవరైనా. అడుగున నీలిరంగులో రెండు 'ఎల్' అక్షరాలు పెనవేసుకుని కనబడితే సెవ్ర్ పింగాణీ కార్ఖానా సరుకేనని సంబరపడతారు. దొంగముద్రలు విపరీతంగా పడిన గుర్తు అది. దాన్ని నమ్మే ముందు నిలదీయాలి.

వాన్‌సెన్‌లో 1740లో మొదలైన ఆ కార్ఖానా 1756లో పారిస్ పక్కనున్న సెవ్ర్‌కు మారింది. 1759లో పదిహేనో లూయీ దాన్ని కొనేశాడు. రెండు 'ఎల్'ల నడుమ ఉండే అక్షరం ఏడాదిని చెబుతుంది: 'ఎ' అంటే 1753, 'బి' అంటే 1754. 1777లో 'జెడ్' దాకా వచ్చాక జంట అక్షరాలు మొదలయ్యాయి. పక్కన చుక్కలో, పువ్వో, పొడి అక్షరాలో ఉంటే అది రంగులు వేసినవాడి గుర్తు. బంగారం అద్దినవాడిది వేరు. పచ్చిమట్టి మీద గీసింది రూపం దిద్దిన పనివాడిది. ఎవరు ఏ ఏళ్లలో పనిచేశారో, ఏ సరుకు ఎవరికి అమ్మారో కార్ఖానా దస్తావేజుల్లో చాలావరకు మిగిలే ఉంది. పళ్లెం చెప్పేదాన్ని వాటితో సరిచూడొచ్చు.

ఒక పళ్లెం మీద 'సి' ఉందనుకుందాం. అంటే 1755. అంచు మాత్రం గులాబిరంగు. సెవ్ర్‌లో ఆ రంగు 1757 ప్రాంతంలో గానీ రాలేదు. ఇక ఆకుల పచ్చరంగును పరీక్షిస్తే క్రోమియం తేలింది. క్రోమియాన్ని వోక్లాన్ కనిపెట్టిందే 1797లో! ఆ బొమ్మలు పందొమ్మిదో శతాబ్దంలో వేసినవి.

చిత్రమేమిటంటే, అలాంటి పళ్లెంలో మట్టి మాత్రం అసలుదే కావచ్చు. 1800 నుంచి 1847 దాకా కార్ఖానాను నడిపిన బ్రోంగ్నియార్ రంగులు వేయని పాత తెల్లసరుకును అమ్మేశాడు. కొన్నవాళ్లు దానిమీద పాతకాలపు సొగసులు దిద్ది అమ్ముకున్నారు. అయితే మట్టి గుట్టు దాచదు. గట్టి పింగాణీకి కావలసిన కయొలిన్ మట్టి 1768లో లిమోజ్ దగ్గర దొరక్కముందు సెవ్ర్ వాడింది మెత్తటి ముద్ద. దానిమీద రంగు గ్లేజులోకి ఇంకిపోతుంది, కత్తి గీతలు తేలిగ్గా పడతాయి. గట్టి పింగాణీ మీద రంగు పైపైనే నిలుస్తుంది. మెత్తటి ముద్దను ఏళ్ల తర్వాత మళ్లీ బట్టీలో పెడితే గ్లేజులో నల్లటి మచ్చలు లేస్తాయి. ముద్ర కన్నా ఆ మచ్చల సాక్ష్యానికే నేను ఎక్కువ విలువిస్తాను. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సెవ్ర్ పింగాణీ ఉంది. అద్దాల వెనక వాటి అడుగు కనబడకపోయినా, రంగు ఇంకిందో నిలిచిందో పక్కనుంచి చూసి పోల్చుకోవచ్చు.

లిమోజ్ సరుకు లెక్క వేరు. అక్కడి హావిలాండ్ కంపెనీ సెట్ల మీద సాధారణంగా రెండు ముద్రలుంటాయి: గ్లేజు కింద ఆకుపచ్చది తెల్లసరుకు చేసినందుకు, పైన ఎర్రది రంగులు వేసినందుకు. మొదటిది ఒక్కటే ఉంటే బయట ఎవరో అలంకరించి ఉంటారు. అమెరికాలో ఎందరో ఆడవాళ్లు ఈ తెల్లపళ్లేలు తెప్పించుకుని ఇంట్లోనే పూలు వేసుకున్నారు. వాటిని నకిలీలనడం అన్యాయం. చాలామంది కింద తమ పేరూ, వేసిన ఏడూ కూడా రాశారు.