హుసేన్ ఖాన్ రక్తం: కూలియా? వెలయా?

సర్ రోనాల్డ్ రాస్ స్వీయచరిత్ర 1923లో లండనులో అచ్చయింది. మలేరియా అనే మహాసమస్యకూ దాని పరిష్కారానికీ ఇది సంపూర్ణ వృత్తాంతమని గ్రంథం శీర్షికలోనే చెప్పుకున్నాడు. ఆ వృత్తాంతంలోని ప్రధాన ఘట్టం సికింద్రాబాద్‌ది. 1897 ఆగస్టు 20న బేగంపేట సైనిక వైద్యశాలలో రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. నాలుగు రోజుల క్రితం ఆ దోమ ఒక మలేరియా రోగిని కుట్టింది. గోడలో నల్లని రేణువులు నిండిన వింత కణాలు కనిపించాయి. మరునాడు మిగిలిన చివరి దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవై కనిపించాయి. డిసెంబరు 18న ఆ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఎక్కింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం నేటికీ రాస్ పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరాన్నజీవి శాస్త్ర సంస్థగా ఉంది.

ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ముట్టినది ఒక అణా. అన్నీ కూడితే రూపాయి కూడా కాలేదు.

ముందుగా రాస్‌కు చెందవలసిన మంచిమాట చెప్పాలి. ‘ఒక నేటివు రోగి’ అని రాసి దాటిపోవడం ఆ కాలపు వైద్యులకు వింత కాదు. రాస్ పేరు రాశాడు. ఇచ్చిన సొమ్మును దాచలేదు. 1895లో ఇదే సికింద్రాబాద్‌లో తొలి ప్రయోగాలకు రక్తమిచ్చిన అబ్దుల్ ఖాదిర్ పేరునూ నిలిపాడు. ఈ నిజాయితీ లేకపోతే ఈ చర్చకే ఆధారం ఉండేది కాదు.

అయితే గ్రంథం పాఠకుడిని ఎవరి బాధలో పాలు పంచుకోమంటుందో గమనించాలి. ఆగస్టు ఉక్కపోత, చెమటకు తుప్పుపట్టిన సూక్ష్మదర్శిని మరలు, పగిలిన కటకం, కోసిన దోమ ఎగిరిపోతుందని పంకా కూడా వేసుకోలేని అవస్థ, అలసిన కళ్లు: ఇవన్నీ మనసుకు హత్తుకునేలా ఉన్నాయి. రాస్ మంచి రచయిత, కవి కూడా. ఆవిష్కరణ జరిగిన రోజుల్లోనే ఒక పద్యం రాసుకున్నాడు. అది తరువాత కలకత్తాలో ఆయన స్మారక ద్వారం మీదకు ఎక్కింది. ఆ పద్యంలో దైవానికి కృతజ్ఞత ఉంది, మృత్యువు మీద విజయం ఉంది. రక్తమిచ్చినవాడు లేడు. జ్వరంతో పడి ఉండి దోమల చేత కుట్టించుకున్న మనిషి వంతుకు ఆ కథలో వచ్చింది అణాల లెక్క ఒక్కటే.

ఆ అణా దేనికి ఇచ్చినట్లు? ఇది చిల్లర ప్రశ్న కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రం దీనికి దగ్గరి ప్రశ్నలను వందల ఏళ్ల క్రితమే ఎంతో నిశితంగా తర్కించింది. దైవప్రవక్త (స) రక్తపు వెలను నిషేధించారని బుఖారీ హదీసు సంపుటంలో ఉంది. తమకు కొమ్ముచికిత్స చేసి రక్తం తీసిన అబూ తైబాకు ఆయన ఖర్జూరాలు కూలిగా ఇప్పించారనీ అదే సంపుటంలో ఉంది. మొదటి హదీసులోని ‘వెల’ అంటే కొమ్ముచికిత్స చేసేవాడి కూలి అని కొందరు వ్యాఖ్యాతలు, రక్తాన్ని సరుకుగా అమ్మడమని మరికొందరు అర్థం చెప్పారు. రెండవ అర్థం తీసుకుంటే రెండు హదీసులకూ పేచీ లేదు. పనికి కూలి ఉంటుంది, రక్తానికి వెల ఉండదు.

ఈ తూకంలో పెట్టి చూస్తే రాస్ లెక్క ఇబ్బందికరంగా తోస్తుంది. రోజుకింత అనో పూటకింత అనో అతను కట్టి ఉంటే అది రోగి ఓర్పుకూ కాలానికీ ఇచ్చిన కూలి అయ్యేది. కాని రక్తం తాగిన దోమకు ఇంత అని కట్టాడు. కొలపాత్ర దోమ పొట్ట. రోగి దోమల మధ్య ఎంతసేపు పడి ఉన్నాడన్నది ఆ లెక్కకు అక్కరలేదు. కూలి రూపంలో ఉన్నా, కొలత వెలకే చెందినది.

దీనికి ఎదురుమాట లేకపోలేదు, అదీ గట్టిదే. పన్నెండవ శతాబ్దపు హనఫీ ధర్మవేత్త మర్గీనానీ ‘హిదాయా’లో మనిషి వెంట్రుకలనైనా అమ్మరాదంటాడు. మనిషి గౌరవనీయుడు, అతని అంగం బజారు సరుకు కారాదన్నది కారణం. స్త్రీ పాలను అమ్మడం కూడా అక్కడ కూడదు. అయినా పాలిచ్చే దాదిని కూలికి కుదుర్చుకోవడం చెల్లుతుంది. అదెలా? ఒప్పందం బిడ్డ సేవకు, బట్టతోపాటు రంగు వచ్చినట్లు సేవతో పాలు వస్తాయని కొందరన్నారు. కాదు, ఒప్పందం పాలకే, సేవ దాని వెంట వస్తుందని మరికొందరన్నారు. హుసేన్ ఖాన్‌ను దాది స్థానంలో నిలిపితే రాస్ ఇచ్చింది కూలే అనడానికి దారి దొరుకుతుంది. కాని దాది విషయంలో కూలి ముట్టినంత మాత్రాన లెక్క తీరదు. పాలు తాగిన బిడ్డ ఆమెకు బంధువవుతాడు, ఆమె సంతానంతో అతనికి వివాహం నిషిద్ధమవుతుంది. రక్తం ఎక్కించినందువల్ల అటువంటి బంధుత్వం కలగదని ధర్మవేత్తలు తేల్చారు కనుక పోలికను అంతకు మించి సాగదీయరాదు. డబ్బు చెల్లించాక కూడా ఇచ్చినవారితో సంబంధం మిగిలి ఉండవచ్చునన్న ఊహ మాత్రం ఆ శాస్త్రంలో ఉంది. రాస్ గ్రంథంలో లేదు.

సమ్మతి సంగతి ఇంకా జటిలం. 1895లో డోలీ మోసే లచ్మన్ చేత రాస్ దోమలు చచ్చిన నీళ్లు తాగించాడు. మలేరియా నీటిద్వారా వస్తుందేమోనన్న మాన్సన్ ఊహను పరీక్షించడానికి చేసిన పని అది. లచ్మన్‌కు స్వల్పంగా జ్వరం వచ్చింది. ఫలితం దొరికితే దాని విలువ అపారం, క్వినైన్ ఎలాగూ చేతిలో ఉంది అన్నది రాస్ చెప్పుకున్న సమర్థన. పటాలం డాక్టరు అడిగితే డోలీబోయీ కాదనగలడా అన్న ప్రశ్న ఆ సమర్థనలోకి రాలేదు. 1900లో మాన్సన్ లండనులో తన కొడుకునే రోమ్ నుంచి తెప్పించిన దోమలతో కుట్టించాడు. ఆ కొడుకు వైద్యవిద్యార్థి. తనకేమి జరగబోతుందో తెలుసు. అచ్చయిన నివేదికలో తన వయసు మొదలు జ్వరం వరకు తన అనుభవాన్ని తన నోటితోనే చెప్పుకున్నాడు. హుసేన్ ఖాన్‌కూ లచ్మన్‌కూ దొరకనిది ఆ నోరే.

ఆ నోరు ఇవ్వబోయినవాడు అమితావ్ ఘోష్. 1995లో వచ్చిన ‘ది కలకత్తా క్రోమోజోమ్’ నవలలో రాస్ తెలివైనవాడు కాడు, నడిపించబడ్డవాడు. లచ్మన్, మంగళ అనేవారు తెరవెనుక ఉండి అతని చేత అన్నీ కనుగొనిపిస్తారు. మురుగన్ అనే పాత్ర రాస్ దినచర్యలను తవ్వి ఈ వాదం నిలబెడతాడు. 1997లో ఆర్థర్ సి. క్లార్క్ బహుమతి పొందిన ఈ నవల చదివించే శక్తి గొప్పది. ఘనత ఎవరికి దక్కిందన్న అన్యాయాన్ని తలకిందులు చేసి తృప్తినిస్తుంది. అయితే అది సరిదిద్దినది ఘనత లెక్కనే. రక్తమిచ్చినవాడి లెక్క అలాగే ఉంది. ఆ నవలలో మంగళ దగ్గరకు చికిత్స కోసం వచ్చే సిఫిలిస్ రోగుల దేహాలు కూడా వారికి తెలియని మరొక పనికి పరికరాలవుతాయి. రాస్ కుర్చీలో మంగళ కూర్చుంది, మంచం మీది మనిషి మారలేదు. కుట్ర కథగా ఇది నడుస్తుంది కాని, రాస్ గ్రంథానికి జవాబుగా చూస్తే సగమే.

ఈ సగం లెక్క పాతకాలంతో ముగిసిపోలేదు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి కంతి నుంచి, ఆమెకు తెలియకుండా తీసిన కణాలు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరిగాయి, అమ్ముడుపోయాయి. ఆమె వారసులతో ఒక కంపెనీ రాజీపడింది 2023లో. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మూర్ అనే రోగి కేసులో, శరీరం నుంచి తీసిన కణాల మీద అతనికి ఆస్తిహక్కు లేదని, కాని వైద్యుడు తన స్వప్రయోజనాన్ని ముందే చెప్పవలసి ఉండెనని తీర్పు చెప్పింది. 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ అవయవ మార్పిడికి షరతులతో అనుమతినిస్తూ, అమ్మకానికి మాత్రం వీలులేదంది. గౌరవంగా ఇచ్చే బహుమానం సంగతిని ఇజ్తిహాద్‌కు వదిలింది.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలు రక్తం, కణజాలం ఇచ్చినవారే వాటికి యజమానులని, భద్రపరిచే సంస్థ ధర్మకర్త మాత్రమేనని చెబుతాయి. ఇస్లామీ భావనలో ఇచ్చినవాడు కూడా యజమాని కాడు. దేహం అతనికి దేవుడు అప్పగించిన అమానతు. అప్పుడు పరిశోధకుడు అమానతుదారుడికి అమానతుదారుడు. మాట వేరైనా దిగే మెట్టు ఒకటే: తీసుకున్నవాడు జవాబు చెప్పవలసినవాడు.

జవాబు ఎవరికి? ఆ మార్గదర్శకాలే యజమానికి తన నమూనాను వెనక్కి తీసుకునే హక్కు ఇస్తాయి. గోప్యత కోసం పేరు పూర్తిగా తొలగించిన నమూనాలను దాచడానికీ ఒప్పుకుంటాయి. గోప్యతకు కారణం ఉంది. రోగం పేరు బయటపడితే పెళ్లిళ్లు, ఉద్యోగాలు చెడిపోయే సమాజం ఇది. కాని 1985లో అదే ఫిఖహ్ అకాడమీ తల్లిపాల బ్యాంకులను నిషేధించినప్పుడు ముందుంచిన భయం కూడా ఇటువంటిదే. ఎవరి పాలు ఎవరు తాగారో తెలియకపోతే సంబంధాలు కలగాపులగమవుతాయన్నది. బేగంపేటలో రాస్ దోమలకు 38, 39 అని సంఖ్యలు వేసుకున్నాడు, మనిషికి పేరు ఉంచాడు. ఇప్పటి శీతల పెట్టెల్లో మనిషికే సంఖ్య. ఆ సంఖ్య కూడా చెరిపేశాక, తనది తనకు ఇమ్మని వచ్చినవాడు ఏ సీసాను చూపించాలి?