అడ్డుకునేవాడి పేరు

కబడ్డీ తెలిసిన దుబ్బాక జనానికి ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్ గొప్పతనం చెప్పడం తేలికే. కార్నర్‌లో నిలబడ్డ ఆటగాడు కూతకొచ్చినవాడి మీద వెంటనే పడడు. ఓ అడుగు లోపలికి రానిచ్చి, వెనక్కి పోయే దారి మూసుకుపోయాకే కాలు పడతాడు. పావోలో మాల్దీని ఆట కూడా అదే. 1985 నుంచి 2009 దాకా ఏసీ మిలాన్ ఒక్కదానికే 902 మ్యాచ్‌లు ఆడాడు, ఐదు యూరోపియన్ కప్పులు గెలిచాడు. ఆట మానేసి ఇన్నేళ్లయినా ఆయన 3వ నంబరు చొక్కాను క్లబ్బు మరొకరికి ఇవ్వలేదు. గోల్స్ వేసేవాళ్లనే నెత్తిన పెట్టుకునే ఆటలో ఇంత అభిమానం డిఫెండర్‌కు దక్కడం చిన్న విషయం కాదు.

ఆ పద్ధతిలో మొదటి పాఠం నిలబడటం. బంతితో వచ్చేవాడికి ఛాతీ ఎదురుపెట్టకుండా, ఓరగా నిలబడి, గీత వైపు దారి మాత్రమే వదలాలి. అటు వెళ్లినవాడికి కాసేపటికి మైదానమే అయిపోతుంది. ఎదుటివాడి కాళ్ల గారడీకి కదలకుండా, బంతి అతని కాలికి కాస్త దూరమైన క్షణం కోసం కాచుకోవాలి. నేలమీద జారి బంతి లాగేయడానికి చప్పట్లు బాగానే పడతాయి గానీ, గురి తప్పితే లేచేలోపు గోల్ పడిపోతుంది. 1987లో మిలాన్‌కు కోచ్‌గా వచ్చిన అరిగో సక్కీ దీనికి మరొకటి జోడించాడు. డిఫెండర్లు నలుగురూ ఒకే వరుసలో ముందుకు జరుగుతూ, ప్రత్యర్థులను తమ వెనక వదిలి ఆఫ్‌సైడ్ తప్పులో పడేసేవారు. ఒక్కడు ఆలస్యం చేసినా అంతా వృథా. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ క్రమశిక్షణ పోలేదు. 1993-94లో 34 లీగ్ మ్యాచ్‌ల్లో మిలాన్ వేసినవి 36 గోల్సే, ఇచ్చినవి 15. లీగ్ మాత్రం వాళ్లదే.

మాల్దీనిది కుడికాలి వాటం. ఆడింది ఎక్కువగా ఎడమవైపు. రెండు కాళ్లూ పలికేవి కాబట్టే అది కుదిరింది. సరిగ్గా ఈ విద్య కోసమే హైదరాబాద్‌లో కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ వాటంలేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టించాడు. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలూ ఆయన ఆలోచనే. బడిపంతులు కదా, బలహీనమైన పాఠమే ఎక్కువసార్లు చదివించాడు! ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది.

ఆ నగరం నుంచే వచ్చిన డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. తర్వాత కలకత్తా క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నాడు. కోచ్‌గా ద్రోణాచార్య, ఆటగాడిగా అర్జున, రెండు అవార్డులూ అందుకున్నాడు. మాల్దీని పోస్టరు గోడకు అంటించుకునే మన కుర్రాళ్లలో ఈ పేరు ఎందరికి తెలుసో అనుమానమే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్ ఈయనే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మరో పతకం రాలేదు.