పెళ్లి డీవీడీ చెరిగిపోకముందే

సూరత్‌లో ఉధ్నా, లింబాయత్ వైపు పవర్‌లూమ్‌ల మీద బతికే తెలుగు కుటుంబాలు చాలావరకు తెలంగాణ నేత ఊళ్ల నుంచి వచ్చినవే. పెళ్లంటే సొంతూరికి ప్రయాణం కట్టడం, సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగడం అక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు పెళ్లి వీడియో అంటే స్టూడియోవాళ్లు రాసిచ్చిన డీవీడీయే. అలాంటి డిస్కులో బొమ్మ నిలిచేది పల్చటి రంగు పొర మీద. వేడికీ వెలుతురుకీ ఆ పొర పాడవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలోనేమో డీవీడీ డ్రైవే ఉండటం లేదు.

అందుకే డిస్కులోని వీడియోను కంప్యూటర్‌లోకి దించుకోవడం ఆలస్యం చేయకూడని పని. లైనక్స్‌లో దీనికి కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి.

చాలామంది డిస్కు పెట్టగానే వీడియోను మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్ తెరిచి నేరుగా ఎంపీ4 చేయబోతారు. గీతలు పడ్డ డిస్కుకు ఈ వరస పనికిరాదు. ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఒక ఐఎస్ఓ ఫైలుగా దించుకోవాలి. అది చదవగలిగిన చోట్లన్నీ ముందు చదివేసి, మొరాయించిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడ ఖాళీలు మిగిలాయో ఒక మ్యాప్ ఫైలులో రాసిపెట్టుకుంటుంది. ఒక డ్రైవ్ చదవలేని సెక్టార్‌ను ఇంకో డ్రైవ్ చదవచ్చు. అందుకే స్నేహితుడి దగ్గర పాత డ్రైవ్ ఉంటే అడిగి తెచ్చి, అదే మ్యాప్ ఫైలుతో మళ్లీ నడిపితే మిగిలిన ఖాళీలే పూడతాయి. తాళి కట్టే ఘట్టం ఆ ఖాళీల్లో ఉండొచ్చు కదా!

ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్. ఎరిక్ పెటిట్ 2003లో బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌కు 1.0 వెర్షన్ 2016 డిసెంబరులో గానీ రాలేదు. ఇందులో జాగ్రత్తగా చూడాల్సింది డీఇంటర్లేస్. పాత కెమెరాలు పాల్ (PAL) పద్ధతిలో తీసిన వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు. మగ్గం మీద పడుగు దారాలు ఒకటి విడిచి ఒకటి లేచినట్టు, ముందు ఒక వరస గీతలు, తర్వాత రెండో వరస. దీన్ని సరిచేయకుండా ఎన్‌కోడ్ చేస్తే బరాత్‌లో ఎగిరే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయి కనిపిస్తాయి. బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌ను బాబ్ పద్ధతిలో పెడితే 50 ఫీల్డులూ 50 ఫ్రేములై కదలిక నునుపుగా వస్తుంది. హెచ్.264కు నాణ్యతను నిర్ణయించే ఆర్‌ఎఫ్ విలువను 18 నుంచి 20 మధ్య ఉంచితే చాలు. ఎంపీ4 తయారైందని ఐఎస్ఓను చెరిపేయకూడదు. ఒకే పొర డిస్కైతే దాని పరిమాణం మహా అయితే 4.7 జీబీ, అసలు ప్రతి అదే.

సినిమా డీవీడీల సంగతి వేరు. చాలావాటికి సీఎస్ఎస్ అనే 40 బిట్ల తాళం ఉంటుంది. 1999లో నార్వే కుర్రాడు యాన్ లెక్ యోహాన్సెన్ పేరు ఆ తాళం తీసే డీసీఎస్ఎస్ ప్రోగ్రామ్‌తో మోగింది. కేసు పెట్టినా 2003లో అక్కడి కోర్టులు అతన్ని నిర్దోషిగా తేల్చాయి. మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు. స్టూడియోవాళ్లు రాసిచ్చిన పెళ్లి డిస్కుకు ఆ తాళమే ఉండదు. దానికోసం తాళం తీసే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ లైబ్రరీని వెతుక్కోనక్కర్లేదు.