నైట్రైట్‌కు చౌక పరీక్షలు: గుణదోష విచారణ

నీటి పరీక్షలలో వెల తక్కువైనదంతా నాసిరకమనే నమ్మకం చాలామందిలో ఉన్నది. నైట్రైట్ విషయంలో అది నిలవదు. ప్రయోగశాలలో లక్షల రూపాయల స్పెక్ట్రోఫోటోమీటరు ముందు జరిగే రసాయన చర్య ఏదో, కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువు గట్టుమీద చిన్న గాజు సీసాలో జరిగేదీ అదే. దీనికి మూలపురుషుడు పీటర్ గ్రీస్ అనే జర్మన్ రసాయనవేత్త. డయజో సమ్మేళనాలను కనిపెట్టిన ఈయన, ఇంగ్లండులో బర్టన్ పట్టణపు బీరు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ 1879లో ఈ పరీక్షను ప్రకటించాడు.

ఆమ్లం కలిపిన నీటిలో నైట్రైట్ ఒక అమీన్‌తో చర్య జరిపి డయజోనియం లవణాన్ని ఇస్తుంది. ఆ లవణం మరొక అమీన్‌తో జతపడి గులాబి రంజనమవుతుంది. గ్రీస్ వాడిన నాఫ్థిలమీన్ ఆరోగ్యానికి హాని చేసేది. అందుచేత నేటి కారకాలలో దాని స్థానాన్ని నాఫ్థైల్ ఇథిలీన్ డైఅమీన్ ఆక్రమించింది. లీటరు నీటిలో మిల్లీగ్రాములో నూరో వంతు నైట్రైట్ నత్రజని ఉన్నా సరే, పొడవైన నెస్లర్ గొట్టంలో పైనుంచి చూస్తే రంగు తెలుస్తుంది. ఇంత చౌకగా ఇంతటి సున్నితత్వం దొరకడం అరుదు. పర్మాంగనేట్‌తో చేసే అంశమాపనం కూడా చౌకే గాని, చెరువు నీటిలోని సేంద్రియ పదార్థం పర్మాంగనేటును తినివేస్తుంది కనుక ఇక్కడ అక్కరకు రాదు.

కాబట్టి దోషం చర్యలో లేదు. దాన్ని చదివే తీరులో ఉన్నది.

మొదట రంగుల అట్ట. దానిమీద గళ్లు 0.5, 1, 2, 5 అన్న వరుసలో ఉంటే, నడుమ పడిన రంగుకు ఏదో ఒక గడిని ఎంచుకోక తప్పదు. ఇది పెద్ద లోపమేమీ కాదు. ప్రమాదం ఉన్నదా లేదా అని తెలుసుకోగోరే రైతుకు ఆ మాత్రం చాలు. అసలు చిక్కు పచ్చని నాచు నీటితో వస్తుంది. పచ్చదనంలో గులాబి కలిసి బూడిద వన్నె తేలుతుంది, కన్ను మోసపోతుంది. నీటిని వడపోసి, కారకం కలపని అదే నీటిని గడికి ముందు ఉంచి పోల్చితే ఈ చిక్కు చాలవరకు తీరుతుంది. ఖర్చు ఒక్క ఖాళీ సీసా! ఆ మాట చెప్పని సూచనల కాగితం అసంపూర్ణమే.

అంతకంటె ఘోరమైనది ప్రమాణాల గందరగోళం. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 3 మిల్లీగ్రాములు. అమెరికా పర్యావరణ సంస్థ విధించినది 1 మిల్లీగ్రాము. అమెరికావారు మూడు రెట్లు కఠినులని తోచవచ్చు. కాని మొదటి అంకె నైట్రైట్ అయానుది, రెండవది అందులోని నత్రజనిది. 1 మిల్లీగ్రాము నైట్రైట్ నత్రజని అంటే 3.28 మిల్లీగ్రాముల నైట్రైట్. రెండు పరిమితులూ దాదాపు ఒకటే!

గట్టుమీద ఈ తేడాకు బస్తాల లెక్కన మూల్యం ఉన్నది. నైట్రైట్ మొప్పలలో క్లోరైడు ప్రవేశించే దారినే చేప రక్తంలోకి చేరుతుంది. అక్కడ హీమోగ్లోబిన్‌ను మెథీమోగ్లోబిన్‌గా మార్చి, ఆక్సిజన్‌ను మోయలేని గోధుమ రంగు రక్తాన్ని మిగిలిస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఉండగానే చేపకు ఊపిరాడదు. నీటిలో క్లోరైడు ఎక్కువైతే నైట్రైట్‌కు దారి దొరకదు. అందుకే ఉప్పు చల్లుతారు. నైట్రైట్‌కు పది రెట్లు క్లోరైడు ఉండాలనే లెక్క తీసుకుంటే, మీటరున్నర లోతుగల ఎకరం చెరువుకు, 1 మిల్లీగ్రాము నైట్రైట్‌కు, సుమారు 100 కిలోల ఉప్పు కావాలి. ఆ అంకె నత్రజనిదైతే 330 కిలోలు. సీసామీద ఒక్క మాట లోపించినందుకు ఇంత అంతరం. పైగా నీటిలో ముందే ఎంత క్లోరైడు ఉన్నదో కొలవకుండా నైట్రైట్‌ను మాత్రమే కొలిచే కిట్, వైద్యానికి సగం సమాచారమే ఇస్తుంది.

కాగితపు పట్టీలు తేమ తగిలితే చెడతాయి. వాటి మాట అంతటితో సరి.

సెల్‌ఫోను కెమెరాతో రంగును అంకెగా మార్చే పద్ధతులు ఇప్పుడు ప్రచారంలో ఉన్నాయి. వెలుతురును బట్టి కెమెరా తనంతట తాను రంగులను సవరించుకుంటుంది గనుక, ఒకే గొట్టం నీడలో ఒక అంకె, ఎండలో మరొక అంకె ఇవ్వవచ్చు. కన్ను "ఒకటో రెండో" అని నిజాయితీగా తడబడేచోట ఫోను రెండు దశాంశాలు పలుకుతుంది! తెలిసిన గాఢతగల గొట్టాలను అదే ఫోటోలో చేర్చితే తప్ప ఆ దశాంశాలకు విలువ లేదు. దీనికంటె, పచ్చని ఎల్.ఇ.డి. దీపం, ఒక కాంతి గ్రాహకం కూర్చిన చిన్న పరికరం మేలు. గులాబి రంజనం పీల్చుకొనేది 540 నానోమీటర్ల దాపున ఉన్న పచ్చని కాంతినే గనుక ఆ దీపం సహజంగా సరిపోతుంది. చీకటి పెట్టె ఉంటే ఎండతో పేచీ లేదు.

అట్టకైనా పరికరానికైనా పక్కన ప్రామాణిక ద్రావణం ఉండాలి. సోడియం నైట్రైట్ 4.93 గ్రాములు లీటరు స్వేదనజలంలో కరిగిస్తే అందులో 1000 మిల్లీగ్రాముల నైట్రైట్ నత్రజని ఉంటుంది. దాన్ని వేయి రెట్లు పలుచన చేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము. పలుచన ద్రావణాన్ని ఏ రోజుకారోజు చేసుకోవాలి. ఎండకు వెలిసిన అట్ట, పాతబడిన కారకం ఈ ఒక్క గొట్టం ముందు బయటపడతాయి. ఐతే సోడియం నైట్రైట్ చూపుకు ఉప్పులాగే ఉండే విషం. ఉప్పు బస్తాలుండే చెరువు పాకలో దాని పొడికి చోటు లేదు. తూచి కరిగించే పని దగ్గరి కళాశాల ప్రయోగశాలలో జరిగి, పేరూ తేదీ రాసిన సీసాలో ద్రావణం మాత్రమే గట్టుకు చేరాలి.