ట్రిప్సిన్ దారి, ఫ్యూరిన్ దారి

ఫ్లూ వైరస్ పైపొర మీద ఉండే హీమాగ్లుటినిన్ ప్రోటీన్ పుట్టుకతో సగం పనికే వస్తుంది. కణాన్ని పట్టుకోగలదు గానీ వైరస్‌ను లోపలికి దాటించలేదు. ఒక నిర్ణీత చోట దాన్ని కోసి రెండు ముక్కలు చేయాలి. అప్పుడే, కణం లోపలి సంచిలోని ఆమ్లం తగలగానే అది విచ్చుకుని వైరస్ పొరను కణం పొరతో కలిపేస్తుంది. ఆ కోత కోసే ఎంజైమ్ వైరస్ దగ్గర లేదు. ఆతిథ్యమిచ్చిన శరీరమే ఇవ్వాలి. ఇచ్చే ఎంజైములు ముఖ్యంగా రెండు తెగలు: ట్రిప్సిన్ లాంటివి, ఫ్యూరిన్ లాంటివి. మొదటి దారి పట్టినవి సాధువైన వైరస్‌లు, రెండో దారి పట్టినవి ప్రాణాంతకమైనవి అన్న మాట చాలాకాలంగా వింటున్నాం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట కోళ్ళకు చాలావరకు సరిపోతుంది, మనుషులకు సరిపోదు.

కోత పడే చోటును కాస్త దగ్గరగా చూద్దాం. ఏటా వచ్చే ఫ్లూ వైరస్‌లలో కోతకు ముందు ఉండేది ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఒకే ఒక్కటి. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని చంపిన హెచ్5ఎన్1లో అదే చోట ఆర్జినిన్, గ్లుటామిక్ ఆమ్లం, వరసగా మూడు ఆర్జినిన్‌లు, రెండు లైసిన్‌లు, మళ్ళీ ఆర్జినిన్ ఉన్నాయి. ఎనిమిదింటిలో ఏడు క్షారగుణం ఉన్నవే. కోత తర్వాత మొదలయ్యే కొస మాత్రం రెండింటిలోనూ ఒకటే: గ్లైసిన్, ల్యూసిన్, ఫినైల్‌అలనిన్, మళ్ళీ గ్లైసిన్. కణం పొరలో గుచ్చుకునేది ఆ కొసే. లోపలికి చొరబడే సాధనంలో తేడా లేదు. దాన్ని ఎవరు సిద్ధం చేస్తారు, ఎక్కడ చేస్తారు అన్నదాంట్లోనే తేడా.

మొదటి దారిని గుర్తించింది 1975లో. జర్మనీలోని గీసెన్‌లో క్లెంక్, రాట్ బృందం, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్‌లో లాజరోవిట్జ్, చాపిన్ ఇదే విషయాన్ని విడివిడిగా తేల్చారు. ఈనాటికీ ఏ వైరాలజీ ల్యాబులోనైనా దాన్ని కళ్ళారా చూడొచ్చు. కుక్క మూత్రపిండం నుంచి వచ్చిన ఎండీసీకే కణాలను పలకలో పరిచి, మామూలు హెచ్1ఎన్1 వేసి, పైన అగర్ పోస్తారు. ట్రిప్సిన్ కలపని పలకలో మూడు రోజులైనా కణాల పరుపు చెక్కుచెదరదు. ట్రిప్సిన్ కలిపిన పలకలో, రంగు వేశాక, చచ్చిన కణాల చోట తెల్లటి గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. అదే పనికి హెచ్5ఎన్1ను తీసుకుంటే, కట్టుదిట్టమైన భద్రత ఉన్న ల్యాబులో, ట్రిప్సిన్ ఉన్నా లేకపోయినా ఖాళీలు పడతాయి. ఈ రెండు పలకలే మొత్తం తులనకు మూలం.

మన శ్వాసనాళంలో ఎవరూ ట్రిప్సిన్ సీసా ఒంపరు కదా, మరి అక్కడ ఆ పని చేసేదెవరు? దీనికి గట్టి జవాబు రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2006లో మార్బుర్గ్ పరిశోధకులు టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2, హెచ్ఏటీ అనే రెండు ఎంజైములను చూపించారు. రెండూ శ్వాసకోశ కణాల పొరలో పాతుకుని ఉండేవే. 2013లో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 జన్యువు తీసేసిన ఎలుకలకు హెచ్1ఎన్1 ఎక్కిస్తే వైరస్ ఊపిరితిత్తుల్లో వ్యాపించలేక చతికిలపడింది. అంత పెద్ద అంటువ్యాధి ఒక్క ఎంజైమ్ మీద ఇంతగా ఆధారపడి ఉండటం నన్ను ఇప్పటికీ నివ్వెరపరుస్తుంది.

ఫ్యూరిన్ కథ వేరు. 1992లో దాని పాత్ర బయటపడింది. క్షార అమైనో ఆమ్లాల వరసను కోసేది అదే. అది దాదాపు ప్రతి కణంలోనూ, గాల్జీ అనే భాగపు చివరి గదుల్లో ఉంటుంది. హీమాగ్లుటినిన్ తయారై బయటికి వెళ్ళే దారిలోనే కోత పడిపోతుంది, వైరస్ సర్వసన్నద్ధంగా పుడుతుంది. కోడికి గుండె, మెదడు, రక్తనాళాలు ఏవీ మిగలవు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో హెచ్5ఎన్1తో కోళ్ళు అంత వేగంగా చనిపోవడం వెనుక ఉన్నది ఈ దారే.

ఇక్కడివరకు పాఠం బాగానే నడిచింది. చిక్కు ఆర్జినిన్‌లను లెక్కపెట్టి తీర్పు చెప్పడంతో మొదలవుతుంది. 1983లో పెన్సిల్వేనియా ఫారాల్లో వచ్చిన హెచ్5ఎన్2నే చూడండి. ఏప్రిల్‌లో అది మందకొడి వైరస్. అక్టోబరుకల్లా కోళ్ళను కుప్పలుగా చంపసాగింది. అదుపు చేయడానికి దాదాపు 1 కోటి 70 లక్షల పక్షులను పోగొట్టుకోవలసి వచ్చింది. విచిత్రమేమిటంటే క్షార అమైనో ఆమ్లాల వరస ఏప్రిల్ వైరస్‌లోనూ ఉంది. కానీ దాని పక్కనే ఉన్న ఒక చక్కెర గొలుసు ఎంజైమ్‌కు అడ్డంగా నిలిచింది. ఒక్క అమైనో ఆమ్లం మారి ఆ గొలుసు ఊడిపోవడంతో దారి తెరుచుకుంది. కవవోకా, వెబ్‌స్టర్ ఆ మార్పును పట్టుకున్న తీరు ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన. వరస ఉన్నా అందుబాటు లేకపోతే ఫలితం లేదని అది నిరూపించింది.

ఇక రెండోవైపు. 1918 మహమ్మారి వైరస్‌కు ఉన్నది ఒక్క ఆర్జినిన్. 2013లో చైనాలో బయటపడ్డ హెచ్7ఎన్9కూ మొదట అంతే. కోళ్ళకు దానివల్ల జబ్బే చేసేది కాదు. మనుషుల్లో మాత్రం 1,500కు పైగా కేసులు నమోదై, దాదాపు 40 శాతం మంది చనిపోయారు. ఫారాల్లో చావులు లేకపోవడం వల్లే వైరస్ ఎక్కడుందో తెలియకుండా పోయింది. ఒక్క ఆర్జినిన్ ఉంటే సాధువైన వైరస్ అనుకునే అలవాటు అక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. కోత చోటు చెప్పేది వైరస్ ఏయే అవయవాలకు వెళ్ళగలదన్నదే. మనిషి చావడానికి ఊపిరితిత్తుల లోతుల్లో జరిగే నష్టం ఒక్కటే చాలు.

మందుల విషయానికొస్తే రెండు దారులూ సమానం కావు. ఫ్యూరిన్ జన్యువు లేని ఎలుక పిండం గర్భంలోనే చనిపోతుంది. శరీరానికి అవసరమైన ఎన్నో ప్రోటీన్లను అదే కోయాలి. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 లేని ఎలుక ఆరోగ్యంగా పెరిగి పిల్లల్ని కంటుంది. ఫ్యూరిన్‌ను రోజుల తరబడి అణచిపెట్టడం ప్రమాదం, టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2ను కొద్దిరోజులు ఆపడం భరించదగింది. పైగా వైరస్ ప్రోటీన్లనే గురిపెట్టే మందులకు వైరస్ త్వరగా అలవాటుపడుతుంది. 2008-09లో మామూలు హెచ్1ఎన్1 ప్రపంచమంతటా ఒసెల్టమివిర్‌ను లెక్కచేయని స్థితికి వచ్చింది. మన ఎంజైమ్‌ను మార్చుకునే వీలు వైరస్‌కు లేదు.

ఈ వాదనకు ఎదురు సాక్ష్యాలు దాచను. ఎలుకల్లో హెచ్3ఎన్2 టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 లేకపోయినా కొంతమేర నెట్టుకొస్తుంది, బి రకం ఇంకా తేలిగ్గా నడుస్తుంది. 1933 నాటి డబ్ల్యూఎస్‌ఎన్ వైరస్ మరీ గడుసుది: దాని పైపొర మీది మరో ప్రోటీన్ న్యూరామినిడేజ్ మన రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను పట్టి దగ్గర పెట్టుకుంటుంది, అది ప్లాస్మిన్‌గా మారి హీమాగ్లుటినిన్‌ను కోస్తుంది. ఒక్క ఆర్జినిన్‌తోనే, ఫ్యూరిన్ సాయం లేకుండా, ఎలుక మెదడులో పెరగడానికి దానికి ఈ ఏర్పాటు తోడ్పడింది. 1987లో తాషిరో బృందం ఎలుకల్లో చూపినట్టు స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా ఎంజైమ్ కూడా ఈ పని చేసిపెట్టగలదు. కాబట్టి ఒక్క ఎంజైమ్‌ను ఆపి నిశ్చింతగా ఉండలేం.

అయినా నా తీర్పు మారదు. కోళ్ళ ఫారాల నిఘాకు ఫ్యూరిన్ కోత చోటే సరైన గుర్తు. అక్కడ దాన్ని చదవడం మానకూడదు. మనుషులకు మందు వెతికేటప్పుడు మాత్రం టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2కే పెద్దపీట వేయాలి, దాని నిరోధకాలను ఒసెల్టమివిర్ లాంటి మందులతో జతచేసి పరీక్షించాలి. ఏటా మంచం పట్టించే ఫ్లూ ఆ దారినే వస్తోంది.