భిలాయిలో ఒక ప్రైవేట్ కీ ప్రయాణం

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టాను పక్కనుంచి చూస్తే ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. ఎవరు చేశారు, ఏ రకం ఉక్కు, ఏ నెల, ఏ సంవత్సరం. దగ్గర్లోనే హీట్ నంబరు ముద్ర ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని రికార్డుల్లో వెనక్కి వెళ్తే ఆ ఉక్కు ఏ విడతలో కరిగిందో, పరీక్షల్లో ఏం తేలిందో దొరుకుతుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, పాలకొండ, పార్వతీపురం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాయి. ఆ కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. వాళ్లలో కొందరి పని కొలిమి దగ్గర కాదు, సర్వర్ల దగ్గర. అలాంటి ఒకమ్మాయి పనితనం గురించే ఈ వ్యాసం.

వెబ్‌సైట్ సర్టిఫికెట్ కూడా పట్టా మీది అక్షరాల వంటిదే. ఏ పేరు మీద ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుంది, అన్నీ బహిరంగం. బ్రౌజర్లో చూసి ఎవరైనా చదువుకోవచ్చు. అందులోనే ఒక పబ్లిక్ కీ ఉంటుంది. దానికి జోడీగా పుట్టిన ప్రైవేట్ కీ మాత్రం సర్వర్‌లోనే దాగి ఉండాలి. ఆ సర్టిఫికెట్ తనదేనని సర్వర్ రుజువు చేసుకోవడానికి ఆధారం ఆ కీ ఒక్కటే. అది వేరొకరి చేతిలో పడితే వాళ్లు మన పేరుతో, మన ముఖంతో కూర్చోగలరు. సర్టిఫికెట్‌ను కాపీ చేయడం ఎవరికైనా వచ్చు. ఆ రెండో సగాన్ని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేర్చడంలోనే పనివాళ్ల తేడా తెలుస్తుంది.

టౌన్‌షిప్‌లో ఒక చిన్న సంస్థ ఉంది. సభ్యుల ఖాతాలు, చందాలు, రశీదులు అన్నీ ఏళ్ల తరబడి ఒక పాత విండోస్ యంత్రంలోనే నడిచాయి. యంత్రం వయసు మీద పడింది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తెరిచిన క్లౌడ్ కేంద్రానికి, లినక్స్ మీదికి, మారాలని నిర్ణయించుకున్నారు. డబ్బు కట్టి తీసుకున్న సర్టిఫికెట్‌కు ఇంకా కొన్ని నెలల గడువుంది. దాన్నీ, దాని కీనీ బయటికి తీసి కొత్తచోట పెట్టాలి. ఆ పని ఈ అమ్మాయికి అప్పగించారు. వాళ్ల తాతగారు రైల్ మిల్లులో పనిచేశారు. నన్ను బాబాయ్ అంటుంది. ఆ చనువుతోనే పక్కన కూర్చుని చూడనిచ్చింది.

కీబోర్డు మీద చెయ్యి వేయకముందే ఆమె అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది.

"ఈ కీ ఇప్పటిదాకా ఎవరెవరి చేతుల్లోంచి వెళ్లింది బాబాయ్?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. పాత కాంట్రాక్టరు ఒక కాపీ ఉంచుకున్నాడేమో, బ్యాకప్ డిస్కులో ఒకటి ఉందేమో. అప్పుడే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. పాత కీని తాత్కాలికంగానే వాడదాం, సంస్థ వివరాలు సరిచూసి కొత్త సర్టిఫికెట్ ఇవ్వడానికి జారీ చేసేవాళ్లకు కొన్ని రోజులు పడుతుంది, ఆలోపు ఈ యంత్రం మొరాయిస్తే పని ఆగకూడదు, కొత్త కీ మాత్రం కొత్త యంత్రంలోనే పుట్టాలి. నా లెక్కలో ఆ రోజు జరిగిన అసలు పని ఇదే. మిగిలిందంతా చేతినేర్పు. ఆ చేతినేర్పు కూడా చూడదగ్గదే.

విండోస్‌లో సర్టిఫికెట్ల జాబితా తెరిస్తే, ప్రైవేట్ కీ కూడా ఉన్న సర్టిఫికెట్ బొమ్మ మీద చిన్న తాళంచెవి గుర్తు కనిపిస్తుంది. ముందుగా ఆ గుర్తు చూసుకుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'ప్రైవేట్ కీతో సహా' అనే వరస కొన్నిసార్లు బూడిదరంగులో, నొక్కడానికి వీల్లేకుండా ఉంటుంది. కీని పెట్టినవాళ్లు బయటికి తీయకూడదని అప్పుడే గుర్తుపెట్టారన్నమాట. దాన్ని బలవంతంగా ఊడబెరికే సాధనాలున్నాయి. అలాంటి చోట తను వాటి జోలికి వెళ్లనని, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లను అడిగి కొత్త కీతో మళ్లీ జారీ చేయించుకుంటానని చెప్పింది. ఇక్కడ ఆ అడ్డు లేదు. పైనున్న సర్టిఫికెట్ల గొలుసు కూడా కలిసి వచ్చేలా టిక్కు పెట్టి, పొడవైన పాస్‌వర్డ్ ఇచ్చి, మొత్తాన్ని ఒకే పీఎఫ్‌ఎక్స్ ఫైలుగా బయటికి తీసింది.

ఆ ఫైలు కొత్త యంత్రానికి ఎస్‌సీపీ ద్వారా, గుప్తీకరించిన దారిలో వెళ్లింది. ఈమెయిలు, వాట్సాప్, పెన్‌డ్రైవ్ ఏవీ దరిచేరలేదు. మొదటిసారి కలిసేటప్పుడు అవతలి యంత్రం తన వేలిముద్ర చూపించి సరేనా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే 'ఎస్' కొట్టేస్తారు. ఆమె క్లౌడ్ కన్సోల్‌లో కనిపిస్తున్న వేలిముద్రను పక్కన పెట్టుకుని చివరి అక్షరం దాకా పోల్చింది. ఫైలు చేరాక రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తీసి ఒకటేనని చూసుకుంది.

ఇక కొత్త యంత్రంలో ఫైలును విప్పేముందు ఆమె కొట్టిన ఆదేశం చాలా చిన్నది: యుమాస్క్ 077. ఇకపై పుట్టబోయే ఫైళ్లను యజమాని తప్ప ఇంకెవరూ చదవకూడదని ముందే చెప్పడం దాని పని. మామూలుగా ఏం చేస్తారంటే, కీ ఫైలు తయారయ్యాక చ్‌మాడ్ 600 కొట్టి హక్కులు బిగిస్తారు. ఆ రెండు ఆదేశాల మధ్య, క్షణకాలమే అయినా, ఆ ఫైలు అదే యంత్రంలోని ఇతరులకు తెరిచి ఉండవచ్చు. ఆమె పనిలో ఆ క్షణం కూడా లేదు. తప్పు జరిగాక దిద్దడం వేరు, తప్పుకు చోటే ఇవ్వకపోవడం వేరు. నేను కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది అక్కడే.

రెండో సంగతి, ఎక్కడ విప్పిందీ. డిస్కు మీద కాదు. లినక్స్‌లో మెమరీలోనే ఉండే తాత్కాలిక ఫోల్డర్ ఒకటుంది, కరెంటు పోతే దానిలోదంతా పోతుంది. పీఎఫ్‌ఎక్స్‌ను దించిందీ, విప్పిందీ అందులోనే. ఎందుకంటే ఇప్పటి ఎస్‌ఎస్‌డీల మీద ఒకసారి రాసినదాన్ని పూర్తిగా చెరిపేశామని గట్టిగా చెప్పలేం. చెరిపివేత ఆదేశాలు పాత తిరిగే డిస్కులను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. రాయకపోతే చెరిపే పనే ఉండదు.

ఫైలును విప్పే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనం మొదట మొండికేసింది. 2021లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి అది పాత, బలహీనమైన గుప్తీకరణను మామూలుగా ఒప్పుకోదు. పాత విండోస్ తీసిన ఫైళ్లలో సర్టిఫికెట్లకు ఆర్‌సీ2 అనే నలభై బిట్ల పాత పద్ధతి వాడి ఉంటుంది. తెలియనివాళ్లు పాస్‌వర్డ్ తప్పేమోనని గంటలు పోగొట్టుకుంటారు. ఆమె వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదివి, 'లెగసీ' అనే మాట జోడించింది, విడిపోయింది. పాస్‌వర్డ్‌ను ఆదేశంలో భాగంగా రాయలేదు. రాస్తే అది చరిత్ర ఫైల్లో మిగిలిపోతుంది, నడుస్తున్న పనుల జాబితాలోనూ ఇతరులకు కనబడవచ్చు. అడిగినప్పుడు మాత్రమే కొట్టింది.

కీ ఒక ఫైలు, సర్టిఫికెట్ ఒక ఫైలు, మధ్య సర్టిఫికెట్లు ఒక ఫైలు. అవి నిజంగా ఒకే జోడీనా? ఆర్‌ఎస్‌ఏ కీలకు మాడ్యులస్ పోల్చి చూడటం పాత అలవాటు. ఆమె సర్టిఫికెట్ లోంచి పబ్లిక్ కీని, ప్రైవేట్ కీ లోంచి దాని పబ్లిక్ కీని విడివిడిగా తీసి రెండూ పోల్చింది. ఎలిప్టిక్ కర్వ్ కీలకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది కాబట్టి రేపు కొత్త కీ వచ్చినా చెయ్యి మార్చుకోనక్కర్లేదు. తర్వాత గొలుసు. మన సర్టిఫికెట్ ముందు, దానికి సంతకం పెట్టిన మధ్య సర్టిఫికెట్ వెనక. ఈ రెండోది మరిచిపోతే డెస్క్‌టాప్ బ్రౌజర్ చాలాసార్లు దాన్ని తనే ఎక్కడినుంచో తెచ్చుకుని సర్దుకుపోతుంది, ఫోన్‌లోని యాప్ మాత్రం నిరాకరిస్తుంది. 'నాకు బాగానే వస్తోందే' అని ఆఫీసులో ఒకరంటే, 'నాకు రావట్లేదు' అని సభ్యుడు ఫోన్ చేస్తాడు. అందుకే బ్రౌజర్‌ను నమ్మకుండా, సైటు పేరును యంత్రం చిరునామాకు ముడిపెట్టే డీఎన్‌ఎస్‌ను మార్చకముందే, కొత్త యంత్రం చిరునామాకే నేరుగా వెళ్లి సర్టిఫికెట్ గొలుసు మొత్తం అడిగి చూసింది. అంతకుముందు రోజే డీఎన్‌ఎస్ గడువును ఐదు నిమిషాలకు తగ్గించి ఉంచింది. మార్పిడి సంగతి అంటారా, అది ఇట్టే అయిపోయింది. సభ్యులెవరికీ తెలియలేదు.

ఇంత జాగ్రత్త అవసరమా అనేవాళ్ల కోసం ఒక సంఘటన. 2018లో ట్రస్టికో అనే బ్రిటన్ సర్టిఫికెట్ల అమ్మకందారు సంస్థ అధిపతి, సుమారు 23,000 సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలను ఈమెయిల్లో డిజిసర్ట్ అనే సర్టిఫికెట్ జారీ సంస్థకు పంపాడు. కొనుగోలుదారుల దగ్గర తప్ప ఉండకూడని కీలు అమ్మినవాడి దగ్గర ఉన్నాయని లోకానికి అప్పుడు తెలిసింది. ఆ సర్టిఫికెట్లన్నీ రద్దయ్యాయి. మన దేశంలోనూ 2014 జూలైలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ వ్యవస్థ నుంచి గూగుల్ పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డట్టు బయటపడి, వాటిని రద్దు చేయాల్సి వచ్చింది. బ్యాంకులకు డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే ఐడీఆర్‌బీటీ మన హైదరాబాదులోనే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన సంస్థ అది. సర్టిఫికెట్లు జారీ చేసే ఇలాంటి వ్యవస్థల్లో సంతకం పెట్టే కీ ప్రత్యేక పరికరంలోనే పుట్టి, అందులోనే పనిచేస్తుంది. విప్పిన రూపంలో మనిషి చేతికి రాదు. చిన్న సంస్థకు ఆ పరికరం కొనే స్తోమత ఉండదు. ఆ పరికరం చేసే పనిలో కొంతైనా పనివాడి అలవాటే చేసిపెట్టాలి.

అందుకే ఆమె పని మార్పిడితో ముగియలేదు. వారం తర్వాత కొత్త యంత్రంలో కొత్త కీ పుట్టించి, దానితో దరఖాస్తు తయారుచేసి, కొత్త సర్టిఫికెట్ తెప్పించింది. ఈసారి ఎక్కడికీ ప్రయాణం లేదు. ఆ తర్వాతే పాత సర్టిఫికెట్‌ను రద్దు చేయించింది. ముందే చేయించి ఉంటే సైటు ఆగిపోయేది. పాత విండోస్‌లో సర్టిఫికెట్‌ను జాబితాలోంచి తీసేసినంత మాత్రాన కీ పోదు. దాని ఫైలు మెషీన్‌కీస్ అనే ఫోల్డర్‌లో మిగిలిపోవచ్చు. అక్కడికీ వెళ్లి తీసేసింది, ఎక్స్‌పోర్ట్ చేసిన పీఎఫ్‌ఎక్స్‌నూ తీసేసింది. డిస్కును ఎవరికీ అమ్మవద్దని రాసి ఇచ్చింది. క్లౌడ్‌లో ఆ వారంలో తీసిన స్నాప్‌షాట్‌లలో, సర్వర్ వాడుకోవడానికి డిస్కు మీద పెట్టిన పాత కీ కూడా ఉంటుందని గుర్తుపెట్టుకుని వాటినీ తొలగించింది. కొత్త సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి అమెజాన్ తయారుచేసి ఇచ్చే పీఈఎం కీ ఒక్కసారే చేతికి వస్తుంది. పోతే అమెజాన్ దగ్గరా కాపీ ఉండదు. అది ఎవరి దగ్గర ఉందో, ఆ మనిషి సెలవులో ఉంటే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి సంస్థ కార్యదర్శికి అప్పగించింది. కాగితంలో కీ లేదు, దాని చోటు మాత్రమే ఉంది.

నేను చూసిన మంచి పనివాళ్లలో ఆమెను ముందు వరసలో నిలబెడతాను. ఆమెకు తెలిసిన ఆదేశాలు చాలామందికి తెలుసు. ఏ ఆదేశం ముందు, ఏది తర్వాత, దేన్ని అసలు వాడకూడదు అన్నది అందరికీ తెలియదు.

చదువుతున్నవారిలో ఏదైనా సంఘానికో, బడికో, ఆసుపత్రికో వెబ్‌సైట్ బాధ్యత ఉన్నవాళ్లుంటే ఒక విన్నపం. మీ ప్రైవేట్ కీ ఏ యంత్రంలో ఉంది, ఎన్ని కాపీలున్నాయి, ఎవరు చదవగలరు అని ఈ వారమే అడిగి తెలుసుకోండి. కొత్త కీ వేయడం నేర్చుకున్నవాళ్లను దగ్గర పెట్టుకోండి. ఆ అవసరం తరచుగా రాబోతోంది: బ్రౌజర్ల, సర్టిఫికెట్ సంస్థల ఉమ్మడి వేదిక 2025 ఏప్రిల్‌లో ఆమోదించిన నియమం ప్రకారం, 2029 మార్చి 15 నుంచి జారీ అయ్యే ఏ వెబ్‌సైట్ సర్టిఫికెట్ అయినా 47 రోజులకు మించి చెల్లదు.